మందు డబ్బా మోగితే ఎవరు పలకాలి?



మందులు కొనడంలో మన ఇళ్ళల్లో పెద్దగా లోటు జరగదు. నెల మొదట్లో పింఛనో జీతమో రాగానే మెడికల్ షాపుకు వెళ్తాం. పాత చీటీ చూపించి బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, థైరాయిడ్ మాత్రలు నెలకు సరిపడా తెచ్చుకుని ఫ్రిజ్ మీద పెడతాం. నెలాఖరున చూస్తే కొన్ని స్ట్రిప్పుల్లో నాలుగైదు మాత్రలు మిగిలే ఉంటాయి. ఇంకా ఉన్నాయి కదా, ఈసారి తక్కువ కొందాం అనుకుంటాం. ఆ మిగిలిన మాత్రల గురించే ఇవాళ మాట్లాడుకుందాం. అవి మిగలకుండా చూస్తామంటూ మాట్లాడే స్పీకర్లు, లైటు వెలిగే డబ్బాలు, వేళకు మాత్ర చేతికందించే యంత్రాలు ఇప్పుడు ఇళ్ళల్లోకి వస్తున్నాయి. అవి ఎంతవరకు పనికొస్తాయి, ఎక్కడ చేతులెత్తేస్తాయి అన్నది చూద్దాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఒక నివేదిక విడుదల చేసింది. దీర్ఘకాలిక జబ్బులున్న వాళ్ళలో డాక్టరు చెప్పినట్టు మందులు వాడేవాళ్ళు సంపన్న దేశాల్లో కూడా సగటున సగం మందేనని అందులో ఉంది. మన దేశం సంగతి చూస్తే, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని, పెద్దవాళ్ళలో మూడో వంతు మందికి మించి రక్తపోటు ఉందని తేలింది. ఇన్ని కోట్ల మంది రోజూ మాత్ర మింగాలి. అదీ నొప్పి తెలియని జబ్బుకు. పంటి నొప్పికి ఇచ్చిన మాత్రను మరిచిపోయేవాళ్ళు ఉండరు, నొప్పే గుర్తు చేస్తుంది. బీపీకి ఆ గుణం లేదు. మాత్ర వేసుకున్న రోజూ, మానేసిన రోజూ ఒంటికి ఒకేలా ఉంటుంది. తేడా తెలిసేది ఏళ్ళ తర్వాత, ఆస్పత్రి మంచం మీద.

రోగి మందు వేసుకున్నాడా లేదా అన్న అనుమానం వైద్యులకు ఇవాళ పుట్టింది కాదు. హిప్పోక్రటీస్ పేరు మీద ఉన్న పాత గ్రీకు రచనల్లోనే రోగులు మందు మింగామని అబద్ధం చెబుతుంటారు, కనిపెట్టుకుని ఉండండి అన్న హెచ్చరిక ఉంది. ఆ అనుమానాన్ని శాస్త్రంగా మలిచిన చోటు మనకు దగ్గర్లోనే ఉంది. 1956లో మద్రాసులో క్షయ కీమోథెరపీ కేంద్రం మొదలైంది. ఇప్పుడు దాన్ని జాతీయ క్షయ పరిశోధన సంస్థ అంటున్నాం. అప్పట్లో టీబీ అంటే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానిటోరియంలో నెలల తరబడి ఉండడమే. మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి. వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ వైద్యుడి నాయకత్వంలో మద్రాసు బృందం కొందరు రోగులను శానిటోరియంలో ఉంచింది, కొందరిని ఇరుకు ఇళ్ళల్లోనే ఉంచి మందులిచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్ళకు కూడా దాదాపు అంతే బాగా నయమైంది. మందులు మానకుండా వేసుకుంటే చాలు, భవంతులు అక్కర్లేదని తేలిపోయింది.

వేసుకుంటే అన్న ఆ మాట దగ్గరే చిక్కంతా. అందుకని సిబ్బంది ముందుగా చెప్పకుండా ఇళ్ళకు వెళ్ళి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు. మందు ఆనవాళ్ళ కోసం మూత్రం పరీక్షించేవారు. ఆ అనుభవం నుంచే కార్యకర్త ఎదుట మాత్ర మింగించే పద్ధతి, మనం డాట్స్ అని పిలిచేది, మెల్లగా రూపు కట్టింది. ఇవాళ స్మార్ట్ డబ్బాలు చేస్తున్న పని కూడా ఇదే. ఇంటికొచ్చి మాత్రలు లెక్కపెట్టే మనిషి స్థానంలో ఒక సెన్సారు కూర్చుంది, అంతే.

ఆ సెన్సారు ముందుగా సీసా మూతలోకి వచ్చింది. 1980లలో మూత లోపల చిన్న చిప్ అమర్చారు. మూత తీసిన ప్రతిసారీ తేదీ, సమయం అందులో నమోదవుతుంది. అమెరికాలో మూర్ఛ రోగుల మీద ఇలాంటి మూతలు పెట్టి చూసి 1989లో ఫలితాలు ప్రచురించారు. రోజుకు ఒక్కసారి వేసుకునే మందైతే నూటికి 87 మోతాదులు సరిగా పడ్డాయి. రెండుసార్లయితే 81, మూడుసార్లయితే 77. నాలుగుసార్లు వేసుకోవాల్సిన మందైతే 39కి పడిపోయింది. చిన్న అధ్యయనమే, అయినా ఆ చివరి అంకె నాకు మరుపు రాదు. మరో విషయం కూడా ఈ మూతల వల్లే బయటపడింది. డాక్టరును కలవబోయే ముందు కొన్ని రోజులు, కలిసొచ్చిన తర్వాత కొన్ని రోజులు జనం బుద్ధిగా వేసుకుంటారు. మధ్యలో జారిపోతారు. పరీక్షల ముందు పుస్తకం తీసే పిల్లల్లాగే అన్నమాట. డాక్టరుకు మాత్రం ఆ రోజు చేసిన రక్త పరీక్షలో అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

పూటలు పెరిగేకొద్దీ మోతాదులు తప్పుతున్నాయి కాబట్టి, ఏ యంత్రమూ కొనకముందు డాక్టరును అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ మందులను రోజుకు ఒక పూటకో రెండు పూటలకో కుదించడానికి వీలుందా అని. చాలా మందులకు వీలుంటుంది. మనం అడగం, వాళ్ళు చెప్పరు.

ఇక ఇంట్లోకి వద్దాం. అన్నిటికంటే తేలికగా దొరికేది స్మార్ట్ స్పీకరు. రోజూ రాత్రి తొమ్మిదింటికి కొలెస్ట్రాల్ మాత్ర గుర్తు చెయ్యి అంటే చేస్తుంది. అమెజాన్ వాళ్ళ అలెక్సా మన దేశానికి 2017లో ఇంగ్లీషుతో వచ్చింది, 2019లో హిందీ నేర్చుకుంది. తెనాలిలోనో జగిత్యాలలోనో ఉన్న డెబ్భై ఏళ్ళ అమ్మమ్మకు ఈ రెండూ పరాయి గొంతులే. పిల్లలు ఉత్సాహంగా కొనిపెట్టిన స్పీకరు చివరికి భక్తి పాటలు పాడే పెట్టెగా స్థిరపడటానికి ఇదో కారణం. దీనికంటే ఫోనే నయం. చాలా ఫోన్లలో అలారం మోతగా మనం రికార్డు చేసిన మాటను పెట్టుకోవచ్చు. అమ్మమ్మా, రాత్రి మాత్ర వేసుకున్నావా అని మనవరాలి గొంతు వినిపిస్తే, హిందీలో పలికే యంత్రం కంటే అది బాగా చెవికెక్కుతుంది. దీనికి ఖర్చు లేదు.

కానీ స్పీకరుకైనా, ఫోను అలారానికైనా ఒక పెద్ద లోపం ఉంది. అవి చెబుతాయి గాని, మనం వేసుకున్నామో లేదో వాటికి తెలియదు. మనం స్నానాల గదిలో ఉంటే గోడలకు చెప్పి ఊరుకుంటాయి. ఇంతకంటే చిత్రమైన ప్రమాదం ఇంకొకటి ఉంది. అలారం మోగేసరికి చేతులు దోసెల పిండిలో ఉంటాయి. మోచేత్తో నొక్కి ఆపేస్తాం, ఒక్క నిమిషంలో వేసుకుందాం అనుకుంటాం. మోత ఆగడంతో పాటు గుర్తు కూడా ఆగిపోతుంది. మధ్యాహ్నానికి మొదలవుతుంది అసలు సందేహం. పొద్దున గోళీ ఏసుకున్ననా లేదా? ఈ ప్రశ్న దగ్గర కొందరు మానేస్తారు, కొందరు మళ్ళీ వేసుకుంటారు. షుగరు తగ్గించే మాత్ర రెండోసారి పడితే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. రక్తం పల్చబరిచే మాత్ర పొరపాటున రెండింతలు పడుతూ పోతే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. నా దృష్టిలో ఈ డబ్బాలు చేసే మేలంతా ఇక్కడే ఉంది. వేళకు మోగడం ఏ గడియారమైనా చేస్తుంది. వేసుకున్నావు, మళ్ళీ వేసుకోకు అని చెప్పగలగడం మాత్రం గడియారానికి రాదు. పూటకో గది ఉన్న మామూలు ప్లాస్టిక్ డబ్బాకు కూడా ఈ విద్య వచ్చు. గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే.

ఆ ప్లాస్టిక్ డబ్బాకు లైటు, మోత, ఇంటర్నెట్టు తగిలిస్తే స్మార్ట్ డబ్బా అవుతుంది. వేళకు ఆ పూట గది వెలుగుతుంది. మూత తీస్తే ఆరిపోతుంది. తీయకపోతే కొడుకు ఫోనుకో కూతురి ఫోనుకో సందేశం వెళ్తుంది. ఇంకో మెట్టు పైన గుండ్రంగా తిరిగే యంత్రాలున్నాయి. లోపల 28 గదులుంటాయి, రోజుకు నాలుగు పూటల లెక్కన వారానికి సరిపోతాయి. తాళం వేసి ఉంటుంది, వేళైతేనే ఆ ఒక్క గదీ తెరుచుకుంటుంది. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళకు ఇది నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే వాళ్ళ విషయంలో మానేయడం కంటే మళ్ళీ మళ్ళీ వేసుకోవడం ఎక్కువ ప్రమాదం.

ఫిన్లాండ్‌లో ఈవోండోస్ అనే కంపెనీ ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ మందుల షాపులోనే యంత్రం సాయంతో ఒక్కో పూటకు కావలసిన మాత్రలన్నీ ఒక్కో పొట్లంగా కట్టి, పొట్లాలను చుట్టగా ఇస్తారు. ఇంట్లో ఉన్న పెట్టె వేళకు మాట్లాడి, ఒక పొట్లం అందిస్తుంది. ఎవరూ తీసుకోకపోతే దాన్ని లోపల దాచేసి, ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్ళను చూసుకునే మునిసిపల్ నర్సులకు కబురు పంపుతుంది. యంత్రం గొప్పదే. కానీ కబురు అందుకుని బయల్దేరడానికి అక్కడ జీతమిచ్చి పెట్టిన నర్సు ఉంది. ఆ రెండో సగం మన దగ్గర అట్టపెట్టెలో రాదు.

స్మార్ట్ ఇల్లు అన్న పేరుకు అసలు తగిన ప్రయోగం అమెరికాలోని ఆరెగాన్‌లో జరిగింది. ఇంట్లో మనిషి కదలికలు పసిగట్టే సెన్సార్లు, మంచానికో సెన్సారు, ఫోనుకో సెన్సారు, మందుల డబ్బాకు ఇంకోటి అమర్చారు. ఆ మనిషి నిద్రపోతున్నా, ఇంట్లో లేకపోయినా, ఫోనులో మాట్లాడుతున్నా ఇల్లు గుర్తు చేయదు. మందుల దగ్గరికి రాగల వీలున్నప్పుడు మాత్రమే, అదీ మందు మరిచిపోయారని తెలిస్తేనే గుర్తు చేస్తుంది. 2009లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఏ గుర్తూ లేనప్పుడు నూటికి 68 వంతులు వేసుకున్నవాళ్ళు, గంట ప్రకారం మోగే అలారంతో 73కు చేరారు. సందర్భం చూసి గుర్తు చేసినప్పుడు 92 దాటారు. కొద్దిమందితో చేసిన పని కాబట్టి ఈ అంకెలను పట్టుకుని ఊరేగనక్కర్లేదు. అందులోని కిటుకు మాత్రం మన ఇళ్ళకు అచ్చంగా సరిపోతుంది.

థైరాయిడ్ మాత్రనే తీసుకోండి. పరగడుపున వేసుకోవాలి, ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు. కాఫీ తాగినా మందు ఒంటికి సరిగా పట్టదు. మన ఇళ్ళల్లో లేచీ లేవగానే చెయ్యి వెళ్ళేది డికాక్షన్ మీదికే. పొద్దున ఆరింటికి అలారం పెడితే ఒకరోజు ఐదింటికే లేస్తారు, కాఫీ అయిపోతుంది. ఇంకోరోజు ఏడింటికి లేస్తారు, అలారం నిద్రలో మోగి ఆగిపోతుంది. దాని బదులు వంటింటి గుమ్మం దగ్గర మనిషి కదలికను పట్టే చిన్న సెన్సారు పెట్టి, నాలుగున్నర దాటాక మొదటిసారి ఎవరైనా అటు వస్తే స్పీకరు పలికేలా అమర్చుకోవచ్చు. ఇప్పుడు మార్కెట్లో దొరికే సామానుతో, కాస్త ఓపికున్న ఇంజినీరింగ్ కుర్రాడు ఒక సాయంత్రంలో చేసిపెట్టగల పని ఇది. సెన్సారు వద్దనుకుంటే రాత్రి పడుకోబోయే ముందు ఆ మాత్రల సీసాను డికాక్షన్ గిన్నె మీద పెట్టండి. సీసా తీయకుండా కాఫీ రాదు. ఇదీ స్మార్ట్ ఇల్లే, కరెంటుతో పని లేనిది. రేడియోలో ప్రాంతీయ వార్తలు మొదలవగానే బీపీ మాత్ర చేతిలోకి తీసుకునే పెద్దలు మన శ్రోతల్లో చాలామందే ఉంటారు, వాళ్ళకు నా మాటలతో పని లేదు.

ఇక అన్నిటికంటే విడ్డూరమైనది, తనంతట తాను కబురు పంపే మాత్ర. 2017 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అబిలిఫై మైసైట్ అనే మందుకు అనుమతి ఇచ్చింది. మాత్రలో ఇసుక రేణువంత సెన్సారు ఉంటుంది. కడుపులోని రసం తగలగానే అది సంకేతం పంపుతుంది, ఒంటికి అంటించుకున్న పట్టీ అందుకుని ఫోనుకు చేరవేస్తుంది. దానికి అనుమతి ఇచ్చింది ఏ జబ్బుకో తెలుసా? ఎవరో తనను గమనిస్తున్నారనే భయం లక్షణంగా ఉండే స్కిజోఫ్రీనియా వంటి మానసిక జబ్బులకు. దీనివల్ల రోగులు మందులు మరింత సక్రమంగా వేసుకుంటారని రుజువు కాలేదని ఆ నియంత్రణ సంస్థే అనుమతి ఇస్తూనే చెప్పింది. సెన్సారు తయారుచేసిన ప్రోటియస్ కంపెనీ 2020లో దివాలా తీసింది. మాత్ర కడుపులో పడిందని తెలుసుకోవడం, మనిషి దాన్ని ఇష్టపడి మింగేలా చేయడం వేరువేరు పనులని ఆ కంపెనీ చాలా డబ్బు ఖర్చు పెట్టి తెలుసుకుంది.

ఇప్పుడు కొంచెం చేదు విషయాలు. 2017లోనే అమెరికాలో రెండు పెద్ద అధ్యయనాలు బయటికొచ్చాయి. ఒకదాంట్లో 50 వేల మందికి పైగా పాల్గొన్నారు. కొందరికి మామూలు పూటల డబ్బా, కొందరికి చివరిసారి ఎప్పుడు తెరిచారో చూపే గడియారపు మూత, ఇంకొందరికి రోజుకో మీట జరుపుకునే పట్టీ పంపారు. కొందరికి ఏమీ పంపలేదు. చివరికి చూస్తే అందరూ ఒక్కటే. ఏ పరికరమూ మందుల వాడకాన్ని పెంచలేదు. రెండోది గుండెపోటు వచ్చి కోలుకున్న 1,509 మందితో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు చేసింది. ఇందులో ఇంటర్నెట్టుతో పనిచేసే సీసాలిచ్చారు, సరిగా వేసుకున్న వాళ్ళకు లాటరీలో డబ్బిచ్చారు, మానేస్తే బంధువుకో స్నేహితుడికో కబురు వెళ్ళే ఏర్పాటు కూడా చేశారు. అయినా మళ్ళీ ఆస్పత్రి పాలవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఎందుకిలా? మందు మానడానికి మరుపు ఒక్కటే కారణం కాదు కాబట్టి. మాత్ర వేసుకుంటే పదేపదే బాత్రూముకు వెళ్ళాల్సి వస్తోందని బస్సు ప్రయాణం రోజు మానేసేవాళ్ళుంటారు. షుగరు నార్మల్‌కు వచ్చింది కదా, ఇంకెందుకు అనుకునేవాళ్ళుంటారు. ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయని రోజు విడిచి రోజు వేసుకునేవాళ్ళుంటారు. కొడుకు డబ్బు ఖర్చవుతోందని సగం విరిచి వేసుకునే తల్లులుంటారు. వీళ్ళెవరూ మరిచిపోలేదు. ఆలోచించే మానేశారు. వాళ్ళ ముందు డబ్బా ఎంతసేపు మోగినా విసుగు తప్ప మార్పు రాదు. బంధువుకు కబురు వెళ్ళినా, ఆ బంధువు వేసుకున్నావా అని అడిగి పెట్టేస్తే అది ఇంకో అలారమే. ఎందుకు మానేశావు అని అడిగి, జవాబు చివరిదాకా వినే మనిషి కావాలి.

చైనాలో టీబీ రోగులతో చేసిన ప్రయోగంలో ఈ తేడా కనిపిస్తుంది. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో, ఫోనుకు సందేశాలు పంపితే లాభం లేకపోయింది. తెరిచినప్పుడల్లా నమోదు చేసుకునే, వేళకు మోగే డబ్బా ఇచ్చినప్పుడు మాత్రం మోతాదులు బాగా తప్పిపోయిన నెలలు నూటికి 30 నుంచి 17కు తగ్గాయి. అక్కడ డబ్బాను ఊరికే ఇచ్చి వదలలేదు. నెలనెలా రోగి వచ్చినప్పుడు డాక్టరు ఆ నమోదులను ముందు పెట్టుకుని మాట్లాడేవాడు. చాలా రోజులు తప్పినవాళ్ళ మీద శ్రద్ధ పెంచేవాడు.

మన దేశంలో పుట్టిన ఉపాయం ఒకటి చెప్పకపోతే తప్పవుతుంది. 99డాట్స్ అని పేరు. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో మొదలై, తర్వాత ఎవర్‌వెల్ అనే సంస్థ చేతికొచ్చింది. టీబీ మాత్రల స్ట్రిప్పు వెనక ఒక అట్ట కవరు అతికిస్తారు. మాత్రను నొక్కి బయటికి తీసినప్పుడు కవరు చిరిగి, దాని వెనక దాగిన ఫోను నంబరు కనిపిస్తుంది. రోజూ ఒకే నంబరు రాదు. ఆ నంబరుకు డబ్బు పడకుండా ఒక కాల్ చేస్తే చాలు, ఆ రోజు మాత్ర తీసినట్టు లెక్క. స్మార్ట్ ఫోను అక్కర్లేదు, వైఫై అక్కర్లేదు. మిస్డ్ కాల్ ఇవ్వడం మనవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంత తెలివైన ఉపాయానికీ హద్దులున్నాయి. చెన్నై, వేలూరు, ముంబయిల్లో మూత్ర పరీక్షలతో సరిపోల్చి చూస్తే, కాల్స్ లెక్కకూ నిజంగా మందు పడిన లెక్కకూ పొంతన అంత బాగా కుదరలేదు. మందు వేసుకుని కాల్ చేయనివాళ్ళున్నారు, కాల్ చేసి వేసుకోనివాళ్ళూ ఉన్నారు. అప్పట్లో మద్రాసు బృందం వాడిన మూత్ర పరీక్ష ఇంకా తీర్పు చెబుతూనే ఉంది.

ఇప్పుడు మన ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించే పరిస్థితి చూద్దాం. తల్లిదండ్రులు ఇక్కడ, పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో. ప్రేమ కొద్దీ, దూరంగా ఉన్నామన్న బాధ కొద్దీ ఖరీదైన డబ్బా కొని పంపుతారు. ఇక్కడ రాత్రి తొమ్మిదికి అమ్మ మాత్ర తీసినట్టు నమోదు కాలేదు. డాలస్‌లో అది పొద్దుటి ఆఫీసు వేళ. మీటింగులో ఉన్న కొడుకు ఫోనులో ఎర్ర గుర్తు వెలుగుతుంది. కంగారుగా ఫోను చేస్తాడు. అమ్మ ఫోను పక్క గదిలో ఛార్జింగులో ఉంది. మళ్ళీ చేస్తాడు, నాన్నకు చేస్తాడు. చివరికి తేలేదేమిటంటే కరెంటు పోయి వైఫై ఆగిపోయింది, మాత్ర మాత్రం ఎప్పుడో వేసుకుంది. ఇలాంటివి నాలుగు జరిగితే కొడుకు ఆ సందేశాలు చూడడం మానేస్తాడు, నిజంగా కావలసిన రోజు కూడా చూడడు. అందుకే మొదటి కబురు పది నిమిషాల్లో గుమ్మం దగ్గరికి రాగల మనిషికి వెళ్ళాలంటాను. ఎదురింటి అమ్మాయి కావచ్చు, పై వాటాలో ఉన్న మరిది కావచ్చు. డాలస్‌కు వారానికోసారి లెక్క వెళ్తే చాలు.

డబ్బా ఎవరు నింపుతారన్నది ఇంకో సంగతి. యంత్రం ఎంత తెలివైనదైనా అందులో మాత్రలు పెట్టేది మనిషే. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. దాన్ని పొరపాటున ప్రతి రోజు గదిలోనూ పెడితే ప్రాణం మీదికి వస్తుంది, యంత్రం బుద్ధిగా రోజూ గుర్తు చేసి మరీ వేయిస్తుంది. రక్తం పల్చబరిచే అసిట్రోమ్ వంటి మాత్రల మోతాదు రక్త పరీక్షను బట్టి మారుతూ ఉంటుంది. రెండు వారాలకు ముందే నింపిన డబ్బాలో పాత మోతాదే ఉండిపోతుంది. డాబిగాట్రాన్ లాంటి కొన్ని మందులను వాటి స్ట్రిప్పులోంచో సీసాలోంచో తీసి వేరే డబ్బాలో పెట్టకూడదు, తేమకు పాడవుతాయి. షాపువాడు ఈ నెల వేరే కంపెనీ మాత్ర ఇస్తే రంగూ ఆకారమూ మారతాయి. తెల్లది పొద్దున, పసుపుది రాత్రి అని రంగు గుర్తు పెట్టుకున్న తాతయ్య లెక్క తప్పుతుంది. ఉపవాసాలూ ఉన్నాయి. కార్తీక సోమవారమో, రంజాను నెలో వచ్చిందని డబ్బాకు తెలియదు. తిండి లేని రోజు కూడా షుగరు మాత్ర వేసుకోమనే అంటుంది. కొన్ని షుగరు మాత్రలు ఖాళీ కడుపున వేసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. ఉపవాసం ఉండేవాళ్ళు ఆ రోజుల్లో ఏం చేయాలో ముందే డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

కెమెరాల గురించి ఒక్క మాట. మాత్ర వేసుకున్నారో లేదో చూడడానికి వంటింట్లోనో పడకగదిలోనో కెమెరా పెట్టే పిల్లలు ఉన్నారు. దీనికి నేను ఒప్పుకోను. ఆస్పత్రిలో లేని పెద్దమనిషిని ఆస్పత్రిలో ఉంచినట్టు చేయకూడదు. డబ్బా అయినా స్పీకరు అయినా, వాడబోయే మనిషి సరే అన్నాకే ఇంట్లోకి రావాలి. ఏ సమాచారం ఎక్కడికి వెళ్తుందో ఆ మనిషికి తెలుగులో చెప్పాలి. 2023లో మన పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి కూడా సమ్మతే పునాది. ఏ జబ్బుకు ఏ మందు వాడుతున్నామన్నది మందుల కంపెనీలకూ బీమా కంపెనీలకూ విలువైన సరుకని మరిచిపోవద్దు.

ఇంతకీ కొనాలా వద్దా? మతిమరుపు మొదలైన మనిషి, తోడుగా ఎవరైనా ఉన్న ఇల్లు అయితే తాళం ఉన్న డబ్బా కొనండి, డబ్బు వృథా కాదు. పార్కిన్సన్స్ లాంటి జబ్బులో మందు గంట ఆలస్యమైనా కాలూచేయీ బిగుసుకుపోతాయి, అక్కడ కచ్చితంగా మోగే యంత్రం అవసరమే. మిగతా చాలామందికి మెడికల్ షాపులో చవకగా దొరికే ఏడు రోజుల ప్లాస్టిక్ డబ్బా, ఫోనులో ఒక అలారం, ఇంట్లో ఒక మనిషి సరిపోతారు. తెలిసి మానేసే మనిషికి మాత్రం ఏ డబ్బా కొన్నా దండగే. ముందు ఆ మనిషితో కూర్చుని మాట్లాడండి.

ఈ వారం ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళు వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదమైనా, నొప్పుల బిళ్ళలైనా, ఒక సంచీలో వేసుకుని ఆ సంచీతో సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వీటిలో ఏవి ఇంకా అవసరం, ఎన్ని పూటలకు కుదించగలరు అని అడిగి, ఆ జాబితాను తెలుగులో రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఆయన చెప్పకుండా మీ అంతట మీరు ఏ మందూ ఆపకండి. ఆ తర్వాత కూడా స్మార్ట్ డబ్బా కావాలనిపిస్తే తప్పకుండా కొనండి. అది మోగినప్పుడు పలకవలసిన మనిషి ఎవరో, అతని ఫోను నంబరేమిటో డబ్బా తెరిచిన రోజే మూత మీద రాయండి. ఆ మనిషితో కూడా ఒకమాట చెప్పి ఒప్పించండి.